మీ ప్రోగ్రాముకు సాకెట్టు ఉన్నదా?

విద్యార్థులారా! మీ ఇంట్లో గోడకున్న ప్లగ్గు సాకెట్టును ఒక్కసారి శ్రద్ధగా చూడండి. మూడు రంధ్రాలు, పక్కన ఒక స్విచ్చి. అంతకుమించి అందులో కనిపించేది ఏమీ లేదు. కానీ అదే సాకెట్టులో ఉదయం మిక్సీ, మధ్యాహ్నం టేబుల్ ఫ్యాను, రాత్రి ఫోను ఛార్జరు పెడుతున్నాం. ఇంట్లో తీగలు లాగిన ఎలక్ట్రీషియనుకు మీరు రేపు ఏ యంత్రం కొనుక్కుంటారో తెలియదు. మిక్సీ తయారుచేసిన కార్ఖానావారు మీ ఇల్లు చూడలేదు. మన తిరుపతిలో ప్రధాన కార్యాలయమున్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు మీ మిక్సీ సంగతి అసలే తెలియదు. ముగ్గురూ ఒకరికొకరు ముక్కూమొగం తెలియనివారే. అయినా ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే పచ్చడి మెదుగుతుంది.

దీనికి కారణం ముందుగానే రాసిపెట్టుకొన్న ఒక ఒప్పందం. విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవర్తనాలు ఉండాలని ఆ ఒప్పందం చెబుతుంది. పిన్నులు ఎంత లావు ఉండాలి, వాటి మధ్య ఎంత దూరం ఉండాలి అనే వివరాలు భారత ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 1293 అనే పత్రంలో ఉన్నాయి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగిలిన రెండింటికంటె లావుగా, పొడవుగా ఉండడం మీరు గమనించే ఉంటారు. పొడవు గనుక అది ముందుగా తగులుతుంది. అంటే ముందు రక్షణ, తరువాతే విద్యుత్తు అన్నమాట. ఏది ముందు జరగాలి, ఏది తరువాత జరగాలి అన్నది కూడా ఒప్పందంలో భాగమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత మనకు పనికివస్తుంది.

ఇది కరెంటు వచ్చాక పుట్టిన తెలివి అనుకోకండి. మన రాయలసీమ రైతు కాడిమానుకు ఒకరోజు మడక కట్టేవాడు, మరొకరోజు గుంటక కట్టేవాడు, విత్తే వేళకు గొర్రు కట్టేవాడు. అవే ఎద్దులు బావి దగ్గర కపిల లాగేవి, తిరునాళ్లకు బండి లాగేవి. గొర్రు చెక్కిన వడ్రంగి ఆ ఎద్దులను చూడనక్కరలేదు. కాడి పొడవు, పోలుగర్రను కాడికి కట్టే పద్ధతి తెలిస్తే చాలు.

కంప్యూటరు ప్రోగ్రాము రాసేవారు కూడా ఈ సాకెట్టు సంగతి ఆలోచించాలని, అది ఎంత వెడల్పు ఉండాలో తేల్చుకొని కాగితం మీద రాసిపెట్టాలని నా అభిప్రాయం. సౌకర్యం ఒక్కటే దీనికి కారణం కాదు. మన తెలుగు కంప్యూటరులో బతికి బట్టకట్టడానికీ దీనికీ దగ్గర సంబంధం ఉన్నది. అది ఎలాగో చెబుతాను.

ముందు మాట అర్థం చూద్దాం. కంప్యూటరు బల్లమీద పెట్టుకొని, ఒక కిటికీ తెరచి మనం వాడుకొనే ప్రోగ్రామును డెస్క్‌టాప్ అప్లికేషన్ అంటున్నారు. బొమ్మలు గీసేది, ఉత్తరాలు రాసేది, ఇంటర్నెట్టు చూపే బ్రౌజరు ఇవన్నీ ఆ కోవలోవే. ఇటువంటి ప్రోగ్రాముకు తరువాత ఎవరైనా ఒక చిన్న ముక్క రాసి తగిలించి కొత్త పని నేర్పగలిగితే ఆ ముక్కను ప్లగిన్ అంటారు. ప్లగ్గులాగా గుచ్చేది గనుక ఆ పేరు వచ్చింది. తగిలించుకొనే పెద్ద ప్రోగ్రామును మనం ఆతిథేయి అందాం.

అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు గింప్ అనే బొమ్మల ప్రోగ్రామును రాశారు. 1996లో వెలువడిన కూర్పులోనే దానికి ప్లగిన్లు తగిలించే ఏర్పాటు ఉన్నది. బొమ్మను మసకగా చేయడం, అంచులు తేల్చడం వంటి పనులను వేరేవాళ్లు రాసి తగిలించారు. ఇద్దరు విద్యార్థులు ఎన్ని పనులని రాయగలరు? ఆ సంగతి వారికి ముందే తెలుసు!

మీకు మరింత దగ్గరి ఉదాహరణ స్టెల్లారియం. ఇది ఉచితంగా దొరికే ఆకాశ పటం. 2000 సంవత్సరంలో ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి ప్రోగ్రామరు ప్రారంభించాడు. అందులో ఎఫ్2 మీట నొక్కితే తెరుచుకొనే కిటికీలో ప్లగిన్ల జాబితా కనిపిస్తుంది. ఉపగ్రహాల ప్లగిన్ తగిలిస్తే ఇప్పుడు మీ నెత్తిమీదుగా ఏ ఉపగ్రహం పోతున్నదో చూపుతుంది. నక్షత్రాలు చూపే ప్రోగ్రాముకు ఉపగ్రహాల గొడవ లేదు. ఆ గొడవంతా ప్లగిన్‌ది. శ్రీహరికోట నుండి రాకెట్టు ఎగిరిన రాత్రి మా తిరుచానూరు పిల్లలు మిద్దెలెక్కి తూర్పు దిక్కుకు చూస్తారు. అటువంటి పిల్లలకు ఈ ప్లగిన్ ఒకసారి చూపితే చాలు, ఇక బడి గంట కొట్టినా కంప్యూటరు వదలరు.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం.

1990 దశకం చివర, 2000 దశకం మొదట మన తెలుగు పత్రికలు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్టులోకి వచ్చాయి. అయితే అప్పటికి చాలా కంప్యూటర్లకు తెలుగు రాదు. అందుచేత పత్రికలు తమ సొంత ఫాంట్లు తయారుచేసుకొన్నాయి. ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు మరొక ఫాంటు. ఈ ఫాంట్లలో జరిగింది ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకూ ఇతర గుర్తులకూ కేటాయించిన సంఖ్యల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకొకచోట. కంటికి చూస్తే చక్కని తెలుగే. కంప్యూటరు దృష్టిలో మాత్రం అది తెలుగు కానే కాదు, ఏవో ఇంగ్లీషు గుర్తుల వరుస. ఆ ఫాంటు లేని యంత్రంలో పుట తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. ఒక పత్రిక ముక్కను మరొక పత్రిక ఫాంటులో చూస్తే అదీ పిచ్చిగీతలే. "వర్షం" అని వెతికితే లక్ష పుటల్లో ఒక్కటీ దొరకదు. అక్కడ వర్షం అన్న మాట కంప్యూటరుకు తెలిసిన రూపంలో లేదు మరి!

అప్పటికే దీనికి సరైన పరిష్కారం ఉన్నది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ వేరువేరు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం 1991లో వచ్చింది. ఆ మొదటి కూర్పులోనే తెలుగు ఉన్నది. మనకు కేటాయించిన స్థానాలు 128. అవి 3072 నుండి 3199 వరకు. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఉన్నది. ఐనా పత్రికలు తమ పాత పద్ధతిని ఒక్కసారిగా మార్చుకోలేవు కదా. పాఠకుడు మధ్యలో చిక్కుకొన్నాడు.

ఇటువంటి సమయంలో 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరు మొదటి పూర్తి కూర్పు వెలువడింది. దానికి ఎవరైనా ప్లగిన్ వంటి ముక్కలు రాసి తగిలించే వీలున్నది. వారు వాటిని యాడ్-ఆన్ అన్నారు, మనకు రెండూ ఒకటే. నాగార్జున వెన్న అనే తెలుగు ప్రోగ్రామరు 2000 దశకం మధ్యలో దీనికొక యాడ్-ఆన్ రాశాడు. దాని పేరు పద్మ. (ఆ పేరు చెప్పగానే మా తిరుచానూరు తరగతిలో పిల్లలు ఒకరినొకరు చూసుకొని నవ్వుతారు. అమ్మవారు పద్మావతి, గుడి పక్కన పద్మసరోవరం, ఇంటికొక పద్మ ఉన్న ఊరు మాది.)

పద్మ చేసే పని ఇది. మీరు ఒక పత్రిక పుట తెరిచినప్పుడు అది ఏ ఫాంటులో ఉన్నదో కనిపెట్టి, అందులోని ముక్కలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపుతుంది. ఫాంటు లేకున్నా చదవవచ్చును, వెతకవచ్చును, ఎత్తి రాసుకోవచ్చును.

ఇది ఒక ముక్క తీసి మరొక ముక్క పెట్టినంత సులభం కాదు. 'స్త్రీ' అనే అక్షరాన్ని తీసుకోండి. కంటికి కనిపించే వరుసలో ముందు గుడిదీర్ఘంతో కూడిన 'సీ' ఉన్నది, దానికింద తవత్తు, పక్కన రవత్తు. ఫాంటులో ముక్కలు ఇంచుమించు ఈ వరుసలోనే ఉంటాయి. యూనికోడ్‌లో పలికే వరుస కావాలి. స, పొల్లు, త, పొల్లు, ర, చిట్టచివర గుడిదీర్ఘం. మొత్తం ఆరు సంఖ్యలు. మొదట కనిపించిన దీర్ఘం చివరకు పోవాలన్నమాట. ఫాంటు మారితే ముక్కల సంఖ్యలు మారుతాయి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇదంతా తెలుగు తెలిసినవాడు చేయవలసిన పని. ఫైర్‌ఫాక్స్ తయారుచేసినవారికి ఈ గుడీ వత్తూ తెలిసే అవకాశం లేదు. తెలుసుకోవాలని మనం అడగనూ కూడదు. ప్రపంచంలో ఉన్న వేల భాషల కష్టాలన్నీ వారొక్కరే తీర్చగలరా? వారు చేయగలిగింది సాకెట్టు పెట్టడం. దానిని వారు పెట్టారు గనుకనే తెలుగు తెలిసిన ఒక మనిషి ఎవరి అనుమతీ అడగకుండా మన కష్టం తీర్చగలిగాడు. తరువాత పద్మ ఇతర భారతీయ లిపులకు కూడా విస్తరించింది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వచ్చింది. దానితో పాత పద్ధతిలో రాసిన యాడ్-ఆన్‌లు వేల సంఖ్యలో పనిచేయడం మానుకొన్నాయి. పద్మ పాత రూపం కూడా ఆ కోవలోదే. ఈ మార్పు చెప్పాపెట్టకుండా వచ్చింది కాదు. రాబోతున్నదని తయారీదారులు 2015 ఆగస్టులోనే ప్రకటించారు. కానీ తీరిక వేళల్లో ఉచితంగా రాసిన మనిషికి రెండేళ్ల తరువాత అదంతా మళ్లీ రాసే తీరిక ఉండాలి కదా.

ఎందుకు మార్చారు? పాత పద్ధతిలో సాకెట్టు అన్నది నిజానికి లేదు. యాడ్-ఆన్ రాసేవాడు బ్రౌజరు లోపలి భాగం దేనినైనా ముట్టుకోవచ్చును. గోడకు సాకెట్టు పెట్టకుండా, ఎవరికి కావలసినచోట వారు గోడ తవ్వి లోపలి తీగకు అతుకు వేసుకొమ్మన్నట్లు. మొదట్లో ఇది చాలా హాయి. ఇష్టమైన పని ఏదైనా చేయవచ్చును. కానీ ఇంటి యజమాని తీగలు మార్చాలనుకొన్న రోజున ఏ తీగకు ఎవరి అతుకు ఉన్నదో తెలియదు. ఒకటి కదిపితే ఎవరింట్లోనో దీపం ఆరిపోతుంది. దీనికితోడు దొంగ కూడా అదే పద్ధతిలో గోడ తవ్వుకోవచ్చును. ఫైర్‌ఫాక్స్‌ను వేగంగా, భద్రంగా చేయడానికి దానిని పలు ప్రక్రియలుగా విడగొట్టవలసి వచ్చినప్పుడు ఈ అతుకులన్నీ అడ్డం వచ్చాయి. అప్పుడు గోడ పూడ్చి, కొలతలు రాసిన సాకెట్లు పెట్టారు.

ఈ విషయంలో తప్పు ఎవరిదని నన్ను అడిగితే, 2017లో మార్చినవారిని నేను తప్పుపట్టను. మార్చక తప్పని స్థితి వచ్చింది. మొదట్లోనే గీత గీయకపోవడంలో ఉన్నది చిక్కు. సాకెట్టు లేని ప్రోగ్రాము కంటె గోడంతా సాకెట్టైన ప్రోగ్రాము మేలే, కాదనను. కానీ దాని ఖరీదు తరువాత చెల్లించవలసి వస్తుంది, ఆ ఖరీదు ఎక్కువగా పడేది చిన్నవాళ్ల మీద. ఇంగ్లీషువారి యాడ్-ఆన్ పోతే పదిమంది మళ్లీ రాస్తారు. తెలుగుది పోతే రాయగలిగినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టాలి. పద్మ చేసిన పని కొత్త సాకెట్లతోనూ చేయవచ్చును, పుటలోని మాటలను మార్చే వీలు వాటిలో ఉన్నది. మళ్లీ కూర్చొని రాసే మనిషి కావాలి, అంతే.

పెద్ద పత్రికలు ఈలోగా చాలావరకు యూనికోడ్‌కు మారాయి, అది మన అదృష్టం. కానీ ముద్రణాలయాల్లో, డీటీపీ కొట్లలో పాత తరహా ఫాంట్లతో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. కంప్యూటరు వాటిని తెలుగుగా చదవలేదు. ఆ పని మీ తరం మీద పెట్టుకొన్న అప్పు అనుకోండి.

ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి చూడండి. జపాన్‌లో ఏఐఎస్‌టీ అనే జాతీయ పరిశోధన సంస్థవారు ఎం17ఎన్ అనే ఏర్పాటును తయారుచేశారు. బహుభాషీకరణ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ మధ్య 17 అక్షరాలు ఉన్నాయి. అంత పొడుగు మాట రాయలేక ఆ పేరు పెట్టారు! లినక్స్ కంప్యూటర్లలో అనేక భాషలు టైపు చేయడానికి దీనిని వాడుతున్నారు. ఇందులో ఒక్కొక్క కీబోర్డు పద్ధతీ ఒక చిన్న మామూలు అక్షరాల ఫైలు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. తెలుగుకు ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ ఉన్నది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ ఉన్నది. పోతన కీబోర్డు ఉన్నది. జపాన్‌వారికి తెలుగు రానక్కరలేదు, తెలుగువారికి వారి ప్రోగ్రాము లోపలి సంగతులు తెలియనక్కరలేదు. ఆ ఫైలు రాయడానికి ప్రోగ్రామరు కూడా కానక్కరలేదు. ఓపిక ఉన్న తెలుగు పండితుడు ఎవరైనా చూసి తప్పు దిద్దగలడు. సాకెట్టు ఎంత చిన్నదైతే అంత ఎక్కువమంది దానికి ప్లగ్గు తయారుచేయగలరు. నాకు అన్నిటికంటె నచ్చిన పద్ధతి ఇదే.

ఇక మీరే ఒక ప్రోగ్రాము రాస్తున్నారనుకొందాం. మీ బడిలో వర్షమాపకం ఉన్నది. 2021 నవంబరులో మా స్వర్ణముఖి పొంగి ఒడ్డున ఇళ్లు కోసుకుపోయిన తరువాత మా ప్రాంతంలో వాన లెక్క అంటే పిల్లలకు కూడా ఆసక్తి కలిగింది. భారత వాతావరణ శాఖ పద్ధతిలో రోజూ ఉదయం 8:30 గంటలకు కొలత చూసి, తేదీ, మిల్లీమీటర్లు రాసుకోవాలి. దీనికొక డెస్క్‌టాప్ ప్రోగ్రాము కావాలి. పైథాన్ భాష ఉచితంగా దొరుకుతుంది, కిటికీలు గీయడానికి అవసరమైన టికింటర్ కూడా సాధారణంగా దానితోపాటే వస్తుంది.

మొదట తేల్చుకోవలసింది ఆతిథేయి చేయవలసిన పని ఏది, ప్లగిన్ చేయవలసిన పని ఏది అని. నేను పెట్టుకొన్న గీటురాయి ఇది: వచ్చే సంవత్సరం మారే అవకాశమున్నది ప్లగిన్‌లోకి పోవాలి. తేదీ, కొలత రాసి భద్రంగా దాచడం మారదు. అది ఆతిథేయి పని. గ్రాఫు గీయడం, నెలసరి మొత్తం కట్టడం, అంగుళాల్లో ఉన్న పాత లెక్కలను 25.4తో గుణించి మిల్లీమీటర్లు చేయడం, ఇవి ప్లగిన్లు. వాతావరణ శాఖవారు ఒకరోజులో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే భారీ వర్షమని, 204.4 వరకు అతి భారీ వర్షమని, ఆపైన అత్యంత భారీ వర్షమని అంటారు. ఈ హద్దులను ఆతిథేయిలో రాయకండి. రేపు శాఖవారు మార్చితే మీరు ప్రోగ్రామంతా విప్పవలసి వస్తుంది. ప్లగిన్‌లో ఉంటే ఆ ఒక్క ముక్కను తీసి మరొకటి పెడతారు.

తరువాత ఒప్పందం. కంప్యూటరులో 'ప్లగిన్లు' అని ఒక సంచి, అంటే ఫోల్డరు పెట్టండి. ప్రోగ్రాము మొదలైనప్పుడు ఆతిథేయి ఆ ఫోల్డరులో ఉన్న ఒక్కొక్క ఫైలును తెరిచి చూస్తుంది. పైథాన్‌లో ఇందుకు ఇంపోర్ట్‌లిబ్ అనే సాధనం ఉన్నది. ప్రతి ఫైలునూ ముందుగా రెండు ప్రశ్నలు వేస్తుంది. నీ పేరేమిటి? నీవు ఎన్నో నంబరు ఒప్పందం ప్రకారం రాయబడ్డావు? ఈ రెండింటికీ సరైన జవాబు వస్తేనే దాని పేరు మెనూలో కనిపిస్తుంది. ఎర్తు పిన్ను ముందు తగలడం గుర్తున్నది కదా, ఇదీ అటువంటిదే. విద్యార్థి ఆ పేరు నొక్కినప్పుడు మాత్రమే ఆతిథేయి వాన లెక్కలను దానికి అందించి 'పని చెయ్యి' అంటుంది. ఒప్పందం మొత్తం పేరు, నంబరు, పని అనే మూడు మాటలే.

లెక్కలు అందించేటప్పుడు ఒక జాగ్రత్త ఉన్నది. ఎక్కువ వాన పడిన రోజులను చూపే ప్లగిన్ ఒకటి ఉన్నదనుకోండి. అది లెక్కలను పెద్దదానినుండి చిన్నదానికి వరుస పెడుతుంది. మీరు అసలు పట్టికనే దాని చేతికిచ్చి ఉంటే, ఆ అసలు పట్టికే తారుమారవుతుంది. పైథాన్‌లో సార్ట్ అనే ఆదేశం ఉన్న పట్టికనే మార్చివేస్తుంది, సార్టెడ్ అనేది కొత్త పట్టికను ఇస్తుంది. ప్లగిన్ రాసేవాడు ఏది వాడతాడో మీకు తెలియదు. ఆ వెంటనే మరొకరు గ్రాఫు నొక్కితే జూన్ పక్కన నవంబరు, నవంబరు పక్కన జనవరి వచ్చి గీత కొండలూ లోయలూ ఎక్కి దిగుతుంది. తప్పు గ్రాఫు ప్లగిన్‌దని అందరూ దానిమీద పడతారు, పాపం! అందుచేత ఎప్పుడూ నకలు ఇవ్వండి, అసలు ఇవ్వకండి. పట్టా కాగితాలు జిరాక్సు తీసి ఇచ్చినట్లే.

ఇక ఫ్యూజు సంగతి. మిక్సీలో తీగలు ఒకదానికొకటి తగిలితే ఫ్యూజు పోతుంది గాని ఇల్లు కాలదు. ప్లగిన్‌లో తప్పు జరిగితే ఆతిథేయి మూతపడకూడదు. పైథాన్‌లో ట్రై, ఎక్సెప్ట్ అనే రెండు మాటల మధ్య ప్లగిన్‌ను పిలిస్తే, తప్పు జరిగినప్పుడు దానిని పట్టుకొని 'ఈ ప్లగిన్ పనిచేయలేదు' అని చెప్పి ముందుకు పోవచ్చును. అయితే ఈ ఫ్యూజుకు కూడా పట్టుబడని జబ్బు ఒకటి ఉన్నది. ప్లగిన్ ఎప్పటికీ ముగియని చక్రంలో పడి తిరుగుతూ ఉంటే తప్పు అన్నది జరగనే జరగదు. ఫ్యూజు పోదు, మిక్సీ ఆగదు, కిటికీ బిగుసుకుపోతుంది. దీనికి మందు ప్లగిన్‌ను వేరే ప్రక్రియగా నడపడం. గింప్ మొదటినుండీ చాలా ప్లగిన్లను అలాగే నడుపుతున్నది. మీ వాన ప్రోగ్రాముకు అంత అవసరం లేదు గాని, ఆ మార్గం ఉన్నదని తెలిసి ఉండాలి.

ఒప్పందం మారవలసి వస్తే? వచ్చే ఏడు మీ బడికి ఉష్ణమాపకం కూడా వచ్చిందనుకోండి. తేదీ, వాన అనే రెండింటి తరువాత ఉష్ణోగ్రత అని మూడవది చేర్చండి. అప్పుడు ఒకటీ రెండూ మాత్రమే చదివే పాత ప్లగిన్లు యథాప్రకారం పనిచేస్తాయి. అలాకాక ఉష్ణోగ్రతను మధ్యలో దూర్చితే పాత ప్లగిన్లన్నీ ఎండను వాన అనుకొంటాయి! మే నెలలో రోజూ 40 మిల్లీమీటర్ల వర్షం కురిసినట్లు గ్రాఫు వస్తుంది. నిజంగా మార్చక తప్పకపోతే ఒప్పందం నంబరు 2 అని పెట్టి, నంబరు 1 వారిని కూడా ఒక సంవత్సరం పాటు అనుమతించండి. కాపీలు తీసుకుపోయినవారిలో కొందరిని మీరు ఎన్నడూ చూసి ఉండరు.

"సార్, ఇంత చిన్న ప్రోగ్రాముకు ఇంత హంగామా ఎందుకు?" అని అడిగే విద్యార్థి ప్రతి సంవత్సరమూ ఒకడుంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కరోజు పందిరికి ఎవరూ పునాది తవ్వరు. ఈ సాయంత్రం వాడి పారేసే ప్రోగ్రాముకు సాకెట్టు అక్కరలేదు. అలాగే రాని అతిథులకు ఇస్తళ్లు వేసినట్లు పది రకాల సాకెట్లు ముందే పెట్టి కూర్చోవడమూ తెలివి కాదు. ఒకటి చాలు. కానీ ఈ సంవత్సరం తొమ్మిదవ తరగతివారు రాసినదానిని వచ్చే సంవత్సరం తొమ్మిదవ తరగతివారు వాడుకోవాలంటే ఆ ఒక్కటీ తప్పదు. ఎన్నో బడి ప్రోగ్రాములు రాసిన పిల్లవాడు పదవ తరగతి ముగించి వెళ్లగానే అటకెక్కుతాయి. ప్రోగ్రాము చెడిపోయి కాదు. లోపల ఏది ముట్టుకొంటే ఏది కదులుతుందో తరువాతి పిల్లలకు తెలియక.

భద్రత గురించి మాత్రం కఠినంగా చెప్పవలసి ఉన్నది. మీరు రాసిన మూడు మాటల ఒప్పందం మంచివారికే అడ్డుగీత. పైథాన్ ప్లగిన్ తలచుకొంటే కంప్యూటరులో ఉన్న ఫైళ్లన్నీ చెరిపివేయగలదు, ఒప్పందం దానిని ఆపలేదు. ఈనాటి బ్రౌజర్లు యాడ్-ఆన్ తగిలించే ముందు 'ఇది ఫలానా ఫలానా వాటిని చూడగోరుతున్నది, సమ్మతమేనా?' అని అడిగేది ఇందుకే. అడిగినప్పుడు చదవకుండా సరే అనకండి. మీ బడి కంప్యూటరులో అయితే, ఇద్దరు విద్యార్థులు మొదటినుండి చివరివరకు చదివిన ప్లగిన్‌నే ఫోల్డరులో పెట్టాలని నియమం పెట్టుకోండి.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. ఆలోగా ఈ ప్రోగ్రాము సిద్ధం చేయదలచినవారికి నేను సూచించే పరీక్ష ఒకటి ఉన్నది. ఆతిథేయి ఒకరు రాయండి. ఒప్పందాన్ని ఒకే ఒక్క కాగితం మీద తెలుగులో రాసి, వేరే గదిలో కూర్చొన్న మరొక ఇద్దరికి చెరొక నకలు ఇవ్వండి. ఒకరు నెలసరి మొత్తం కట్టే ప్లగిన్, ఇంకొకరు గ్రాఫు గీసే ప్లగిన్ రాయాలి. ఆతిథేయి ప్రోగ్రామును వారికి చూపకూడదు, వారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. సందేహం తీర్చుకోవడానికి వారిలో ఎవరైనా లేచి మీ గదికి వస్తే జవాబు నోటితో చెప్పకండి. ఆ కాగితం తీసుకొని, అందులో ఆ జవాబు రాసి, తిరిగి ఇచ్చి పంపండి.